తవ్వని తేగ

ఒంగోలు నుంచి కొత్తపట్నం వైపు పోతుంటే కొంతదూరం దాకా నల్లరేగడి, పొగాకు బ్యారన్లు. ఆ తర్వాత నేల తెల్లబడుతుంది. కాలికింద ఇసుక మొదలైందంటే తాళ్ళు కూడా మొదలైనట్టే. ఆ ఇసుకలో, బకింగ్‌హాం కాలువకు ఇవతల మా పల్లె. మాదిగపల్లె. ఊరికి ఎడంగా, కాలువకు దగ్గరగా ఉండేది. నా చిన్నతనం అంటే 1970లు. పల్లె నడుమ తాటాకు గుడి, గుడి పక్కన వేపచెట్టు, దాని కొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్క. ఇనపకడ్డీతో దాన్ని కొడితే అదే మా గుడిగంట. పొలాల్లో ఉన్నవాళ్ళకి కూడా వినపడేది.

ఆ గుడిలో చాలామటుకు తాటిచెట్టే. దూలాలు చేవదేరిన ముదురు తాడువి, వాసాలు తాడువి, కప్పు తాటాకు, మేం కూర్చునేది తాటిచాప, ఎండాకాలం ప్రసంగంలో ఆడవాళ్ళ చేతుల్లో ఆడేది తాటాకు విసనకర్ర. కొన్నేళ్ళకోసారి వేసవిలో కప్పు మార్చేవాళ్ళు. ఆకు కొట్టించి, ఒకదానిమీద ఒకటి పరిచి, పైన మొద్దులు పెట్టి అణిచి ఎండనిచ్చి, పల్లెలోని మగవాళ్ళంతా ఎక్కి కప్పేవాళ్ళు. కొత్త ఆకు వాసన వానలు పడేదాకా గుడిలో ఉండేది. ఇప్పటికీ ప్రార్థన అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ వాసనే. మట్టల ఆదివారం నాడు ఈత మట్టలూ లేత తాటి మట్టలూ పట్టుకుని పల్లెచుట్టూ హోసన్నా పాడుకుంటూ తిరిగేవాళ్ళం. యెరూషలేములో పట్టుకున్నవి ఖర్జూరపు మట్టలని మా సంఘకాపరి అయ్యగారు చెప్పేవారు. మాకు మా తాళ్ళే ఖర్జూరాలు.

తాతకు దరఖాస్తు పెట్టుకుంటే వచ్చిన రెండెకరాల నేల ఉండేది. వానపడితే వేరుశనగ, పడకపోతే బీడు. ఆ నేలలో నమ్ముకోదగ్గవి గట్టుమీది తాళ్ళే.

శ్రావణం వచ్చేసరికి రాత్రుళ్ళు పండ్లు దబ్బుమని రాలేవి. తెల్లారకముందే పిల్లలం పరుగెత్తేవాళ్ళం. పండు నిప్పులమీద కాల్చి, పీచు పట్టి చీకితే మూతీ ముక్కూ పసుపే. తిన్నాక మిగిలిన టెంకల్ని జేజమ్మ పారేయనిచ్చేది కాదు. పెరట్లో ఇసుక మడి చేసి, టెంకలు పక్కపక్కన పేర్చి, పైన మట్టి కప్పి, తడి ఆరకుండా నీళ్ళు చల్లేది. పిల్లలం రోజూ పోయి చూసేవాళ్ళం. పైన ఏమీ ఉండేది కాదు. పందిరికింద పెట్టిన చిక్కుడు గింజ వారం తిరక్కుండా తల ఎత్తేది. ఈ మడి మాత్రం ఎట్లా కప్పామో అట్లాగే పడుండేది. టెంకలు చచ్చిపోయాయని నేను ఒకటికి రెండుసార్లు జేజమ్మతో వాదించాను. ఆమె “మడి జోలికి పోబాకు” అనేది, అంతే.

సంక్రాంతి ముందు తవ్వితే తెలిసేది లోపల ఎంత జరిగిందో. తాటి టెంకలోంచి వచ్చే మొలక పైకి రాదు, తిన్నగా కిందికి పోతుంది. మూరెడు లోతు దిగి, అక్కడ వేరు తన్ని, టెంకలోని తిండినంతా తనలోకి లాక్కుని లావెక్కుతుంది. మనం తినే తేగ అదే. జేజమ్మ వాటిని కుండలో పేర్చి తంపటి వేసేది. వేడి వేడి తేగ తొక్క ఒలిచి, బొటనవేలి గోరు మధ్యలో దిగేసి రెండుగా చీలిస్తే, నడుమ పుల్లంత సన్నగా, లేతపసుపు రంగులో ఒకటి బయటపడేది. దాన్ని చందమామ అనేవాళ్ళం. దానికోసం అక్కకూ నాకూ రోజూ తగాదా. వెలుతురికి పట్టి చూస్తే అందులో మడతలు కనిపించేవి, విసనకర్ర మూసినట్టు. అది చెట్టు తొలి ఆకు. ఇంకా ఎండ ఎరగని ఆకు. నేలకింద ఆ చీకట్లోనే మడతలన్నీ సిద్ధం చేసుకుని ఉంది.

తవ్వకుండా వదిలేస్తే ఆ ఆకు నేల దాటి రావడానికి ఇంకా నెలలు పడుతుంది. వచ్చేది కూడా ఒకే ఒక్కటి, కత్తిలాగా నిటారుగా. ఆ తర్వాత ఏళ్ళతరబడి నేలబారున ఆకులే, మాను కనపడదు. మాను లేచి గెల వేసేసరికి ఎంత లేదన్నా పన్నెండేళ్ళు, ఒక్కోచోట ఇరవై. గెల వేసేదాకా అది పోతుతాడో పెంటితాడో ఎంతటి అనుభవస్థుడూ చెప్పలేడు. మొలిచిన చోటు బాగాలేదు, పీకి ఇంకోచోట పెడదామంటే కుదరదు. వేరు తెగితే బతకదు. ఎక్కడ దిగిందో అక్కడే దాని బతుకు. ఒకసారి నిలబడ్డాక మాత్రం నూరేళ్ళు నిలబడుతుంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు తాడి మాను వాటేసుకుని ప్రాణం దక్కించుకున్నవాళ్ళ సంగతి ఆ శీతాకాలమంతా మా పల్లెలో చెప్పుకున్నారు.

తాత ప్రతి ఏడూ కొన్ని టెంకలు ఏరి గట్టు వెంట పాతి వచ్చేవాడు. పెరట్లో మడి జేజమ్మది, తినడానికి. గట్టుమీదివి తాతవి. వాటిని ఎవరూ తవ్వడానికి వీల్లేదు.

“ఇయ్యి ఎప్పుడు కాస్తయ్ తాతా?”

“నీకు పెండ్లయి పిల్లలు పుట్టినాక చూద్దువులే అబ్బయా.”

“మరి నువ్వో?”

“నేను తిన్నయ్యి ఎవురు పాతారు? నేనా?”

తాత చెప్పులు కుట్టేవాడు, మోటబొక్కెనలు బాగుచేసేవాడు. చదువు లేదు. బైబిల్లో తనకి నచ్చిన భాగాలు మాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకునేవాడు. వాటిలో లూకా పదమూడో అధ్యాయంలోని అంజూరపు చెట్టు ఉపమానం ఒకటి. మూడేళ్ళుగా కాయ లేదు, కొట్టేయమంటాడు యజమాని. ఇంకో ఏడు ఉండనివ్వయ్యా, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు తోటమాలి. అక్కడ తాత చదువు ఆపమనేవాడు. “ఆ తోటమాలి అడ్డంపడకపోతే మన గతేందబ్బయా” అని కాసేపు ఊరుకునేవాడు. ఆ ఏడు గడిచాక చెట్టు కాసిందో లేదో యేసు ప్రభువు చెప్పలేదు. తాత కూడా ఎప్పుడూ అడగలేదు. అడిగించుకున్న ఆ ఒక్క ఏడాది గడువే ఆయనకు చాలు.

గట్టు మాట వచ్చింది కాబట్టి జేజమ్మ సంగతి చెప్పాలి. ఆ గట్టుకు అవతల తాత తమ్ముడి నేల. గట్టు నడుమ బాగా కాసే పెంటితాడు ఒకటి ఉండేది. అది ఎవరిదన్న దగ్గర నేను పుట్టకముందెప్పుడో మాట పెరిగింది. అన్నదమ్ములు ఏడాది తిరక్కముందే మామూలైపోయారు. తోడికోడళ్ళు కాలేదు. జేజమ్మకూ చిన్నజేజికీ మాటల్లేవు. ఒకే బావి, ఒకే గుడి, ఒకే చాప. అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు.

మాది బాప్టిస్టు సంఘం. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె మీద కప్పిన తెల్లగుడ్డ అయ్యగారు తీసే వేళకు జేజమ్మ లేచి, తలమీద కొంగు సర్దుకుని బయటికి వెళ్ళి వేపచెట్టు కింద కూర్చునేది. సహోదరుడిమీద కోపం ఉంచుకుని బల్ల దగ్గరికి రాకూడదని ఆమె ఎరుగు. కోపం పోలేదనీ ఎరుగు. రెండూ నిజాలే కాబట్టి బయట కూర్చునేది. పిల్లవాడిగా నాకు అది వింతగా ఉండేది కాదు. ప్రతి నెలా జరిగేదే కదా. పెద్దయ్యాక ఆలోచిస్తే, లోపలున్న చాలామందికన్నా ఆ బయట కూర్చున్న మనిషి బల్లను ఎక్కువ గౌరవించిందనిపిస్తుంది.

సంఘపెద్దల్లో ఒకాయన ఆమె పేరు రిజిస్టరులోంచి తీసేయాలని పట్టుబట్టాడట. అయ్యగారు ఒప్పుకోలేదు. “ఆమె వెళ్ళిపోవట్లేదు గదా, గుమ్మం బయటే కూర్చుంటోంది” అన్నారట. ఆయన నెలనెలా మా ఇంటికి వచ్చేవారు. మజ్జిగ తాగి, పిల్లల చదువులు అడిగి, మోకరించి ప్రార్థన చేసి వెళ్ళేవారు. చిన్నజేజి పేరు ఎత్తేవారు కాదు. ఏళ్ళు గడిచాయి.

ఒక వేసవిలో చిన్నజేజికి టైఫాయిడ్ వచ్చింది. జేజమ్మ రెండు రోజులు ఇంట్లో తిరుగుతూ, చేసిన పనే చేస్తూ గడిపింది. మూడోనాడు ఆ గట్టుమీది చెట్టు గెల దింపించింది. తానే కత్తి పట్టుకుని కూర్చుంది. కాయ చెక్కి, ముంజె చితక్కుండా బొటనవేలితో ఎత్తి, పైపొర తీసి, ఒక్కొక్కటే ఇత్తడి గిన్నెలో వేసింది. లేతవి మాత్రమే. కాస్త ముదిరినవి మాకు పడేసింది. గిన్నెమీద తడిగుడ్డ కప్పి, నా చేతికిచ్చి, “మీ చిన్నజేజికి ఇచ్చిరా. ఎవురు పంపారని అడిగితే మన చెట్టువని చెప్పు” అంది. నేను అదే చెప్పాను. చిన్నజేజి మంచంమీద లేచి కూర్చుని, గిన్నెను చాలాసేపు చూసి, “మన చెట్టువేనా?” అని అడిగింది. అవునన్నాను. తాగడానికి నీళ్ళిమ్మంది.

తర్వాతి నెల బల్ల నాడు జేజమ్మ లేవలేదు. ఎవరూ తల తిప్పి చూడలేదు. అయ్యగారు మామూలుగానే పళ్ళెం అందించారు. ఆయన చెయ్యి కొంచెం వణికిందని అమ్మ తర్వాత చెప్పింది.

నేను కాలేజీకి వెళ్ళేనాటికి ఒకసారి అడిగాను, “ఎప్పుడు క్షమించావు జేజీ?” అని. కాస్త ఆలోచించి, “తెలియదబ్బయా. ఒకనాడు చూసుకుంటే కోపం కనపళ్ళా” అంది. మార్కు సువార్తలో విత్తనం చల్లిన రైతు సంగతి ఉంది. వాడు పడుకుంటాడు, లేస్తాడు, విత్తనం ఎట్లా మొలిచిందో వాడికే తెలియదు. ఆ వాక్యాలమీద ఎన్నో వ్యాఖ్యానాలు చదివాను. జేజమ్మ చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేదు.

మా పల్లె క్రైస్తవమే అట్లా వచ్చింది, నెమ్మదిగా. జూలై నెలలో అయ్యగారు ఈ కథ చెప్పేవారు. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో పని మొదలుపెట్టింది 1840లో, శామ్యూల్ డే దొరతో. పదేళ్ళు దాటినా చెప్పుకోదగ్గ ఫలితం లేదు. మూసేద్దామా అని అమెరికాలో సభలు పెట్టి చర్చించారు. ప్రపంచపటంమీద వాళ్ళకు ఇక్కడ ఉన్నది ఒకే ఒక్క చుక్క, అందుకే దీనికి ‘ఒంటరి నక్షత్రం’ అని పేరు పడింది. 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, మరి ముగ్గురు మనవాళ్ళు ఒంగోలు కొండెక్కి ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు, జాన్ క్లౌ దొర, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. కొండమీది ప్రార్థనకు జవాబు రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. తాడు గెల వేయడానికి పట్టేంత కాలమని అయ్యగారు మా వైపు చూసి నవ్వేవారు.

క్లౌ దొర కాలం మొదట్లోనే బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద సంగతి ఇంకా గొప్పది. దొర ఈ దేశంలో అడుగు పెట్టకముందు నుంచే ఆయన గురువుల దగ్గర యోగం నేర్చుకుని, ఏళ్ళతరబడి దేవుణ్ణి వెతికిన మనిషి. ఆ సంగతంతా క్లౌ దొర భార్య ఎమ్మా 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఉంది. ఇసుక కింద వేరు ముందే దిగి ఉంది, దొర వచ్చేనాటికి ఆకు పైకి వచ్చింది.

1876లో మొదలైన పెద్దకరువు 1878 దాకా చంపుకుతింది. అమెరికాలో సర్వే పని చేసిన అనుభవం ఉన్న క్లౌ దొర, బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. మా తాత తాత ఆ కాలువలో మట్టి మోసినవాడే. సాయంత్రాలు బోధకులు కూలీల మధ్య కూర్చుని చెప్పేవాళ్ళు. జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. దొర ఇవ్వలేదు. గంజికోసం వస్తున్నారేమో, కరువు పోనీ చూద్దామని ఏడాదికి పైగా ఆపాడు. కూలిపని ముగిసింది, ఇచ్చేందుకు ఇక డబ్బు కూడా లేదు. అప్పుడూ జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నీళ్ళలో దిగి ఇచ్చింది దొర కాదు, మన తెలుగు బోధకులే.

ఈ 2,222 అన్న అంకెను పెద్ద పెద్ద సభల్లో మైకులో చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ జనం చప్పట్లు కొట్టారు. మా అయ్యగారు మాత్రం ఆ అంకెను త్వరగా దాటేసి, ఇవ్వకుండా ఆపిన ఆ ఏడాది దగ్గర ఆగేవారు. అడిగిన వేలమందిని వెనక్కి పంపడం కూడా విశ్వాసమేనని ఆయన నమ్మకం. నాదీ అదే.

ఎందుకంటే ఆపకపోతే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. మా పక్క పల్లెలో ఒక కుర్రాడు, మా అన్న ఈడువాడు. తాగుడు, పేకాట, అప్పులు. ఉజ్జీవ కూటాల్లో ఏడ్చి, సారా మానేశాడు. భార్యకు కూలి డబ్బులు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆమె ముఖంలో వచ్చిన తేటదనం పల్లెంతా చూసింది. నెల తిరగలేదు, అతన్ని సాక్ష్యం చెప్పడానికి ఎక్కించారు. మాట తీరు బాగుంది. చీరాల నుంచి కావలి దాకా కూటాలకు తిప్పారు. గోడలమీద కాగితాలు, మెడలో దండలు. ప్రతిచోటా అదే కథ, తాగినప్పటి కథ, రోజురోజుకు ఇంకాస్త పెంచి. ఇంట్లో కూర్చుని బైబిలు చదువుకునే తీరిక లేదు, చదవడం నేర్పేవాళ్ళూ లేరు. మరుసటేడు మళ్ళీ తాగాడు. అప్పుడు అతన్ని తిప్పినవాళ్ళెవరూ ఆ ఇంటి ఛాయలకు రాలేదు. సిగ్గుతో గుడికి రావడం మానేశాడు.

అతని మారుమనస్సు అబద్ధమని కొందరన్నారు. నేను ఒప్పుకోను. అది నిజమైన మొలకే. తియ్యగా ఉంది కాబట్టే తవ్వారు. తవ్విన తేగ తినడానికి బాగుంటుంది, పదిమందికి పంచవచ్చు, సంతలో అమ్మవచ్చు. చెట్టు మాత్రం కాదు. అతన్ని ఇసుకలో ఇంకొన్నేళ్ళు వదిలేసి, చిన్నకూటాల్లో వెనక వరసలో కూర్చోనిచ్చి ఉంటే అతనూ ఒక తాడై నిలబడేవాడని నా గట్టి నమ్మకం.

పౌలుకు దమస్కు దారిలో అంత వెలుగు కనపడ్డాక తిన్నగా యెరూషలేముకు వెళ్ళి పెద్దల ముందు నిలబడలేదు. అరేబియాకు వెళ్ళాడు. పేతురును కలిసేసరికి మూడేళ్ళు. అరేబియాలో ఏం చేశాడో గలతీయులకు రాసిన పత్రికలో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ పౌలే తిమోతికి రాస్తూ, కొత్తగా చేరినవాణ్ణి అధ్యక్షుడిగా పెట్టవద్దన్నాడు, గర్వంతో పడిపోతాడని. నజరేతులో ప్రభువు గడిపిన ఏళ్ళ గురించి సువార్తల్లో ఉన్నదీ చాలా కొద్ది మాటలే. దేవుడు తొందరపడ్డ దాఖలా నాకు బైబిల్లో ఎక్కడా కనపడలేదు.

ఇప్పుడు మా పల్లెలో గుడికి స్లాబు పడింది, ఫ్యాన్లు, పెద్ద స్పీకర్లు వచ్చాయి. చుట్టుపక్కల నేలల్లో జామాయిలు, సుబాబులు. కొన్నేళ్ళకే కొట్టి లారీకెక్కించవచ్చు, రైతుకు అప్పులు తీరతాయి, వాళ్ళను తప్పుపట్టలేను. తాళ్ళు మాత్రం ఇటుక బట్టీలకు పోతున్నాయి. నూరేళ్ళ చెట్టు ఒక పూటలో నేలకూలుతుంది. తాత గట్టువెంట పాతినవాటిలో కొన్ని మిగిలాయి. తాత పోయిన చాలా ఏళ్ళకు అవి గెలలు వేశాయి. సగం పోతుతాళ్ళే. వాటికి ముంజలు కాయవు, పూతగెలలే వేస్తాయి. ఆ పూత లేకపోతే పక్కనున్న పెంటితాళ్ళకు కాపు లేదు. నీతిమంతుణ్ణి ఖర్జూరపు చెట్టుతో పోల్చిన తొంభైరెండో కీర్తన, ముసలితనంలో కూడా చిగురు పెడతాడంటుంది. మా గట్టు చూస్తే ఆ కీర్తన రాసినవాడికి తాళ్ళ సంగతీ తెలుసనిపిస్తుంది.

సంఘాలు నడిపేవారికి, యవ్వనస్తుల కూటాలు పెట్టేవారికి నా విన్నపం ఒకటే. కొత్తగా బాప్తిస్మం పొందిన పిల్లవాణ్ణి కొన్నేళ్ళపాటు మైకు దగ్గరికి పిలవకండి. చాపలు పరిచే పని ఇవ్వండి, పక్కన కూర్చోబెట్టుకుని వాక్యం చదివించండి, నెలకోసారి వాళ్ళింటికి వెళ్ళి మజ్జిగ తాగి రండి. తప్పటడుగు వేస్తే మరీ తప్పక వెళ్ళండి. గుమ్మం బయట కూర్చున్నవాళ్ళ పేర్లు రిజిస్టరులోంచి కొట్టేయకండి.